ఆరేదాకా

సీసా అడుగున చిన్న అక్షరాల్లో రాసుంది: శాటిన్.
మెరవదు. అలాగని సున్నం గోడలా మొద్దుగానూ ఉండదు.
జూలై పద్దెనిమిది వీధిలో, మందుల షాపు పిల్ల
తన చిటికెనవేలు చాపి చూపించింది,
పట్టుగుడ్డకు లోపలి వైపులా.

నా పనికి మెరుపు కుదరదు.
కోర్టులో, ఆసుపత్రిలో, టీవీ తెర మూలన గుండ్రటి గడిలో
చేతులతో మాట్లాడతాను నేను.
గోరు తళుక్కుమంటే చూసేవాళ్ళ కన్ను
మాటను వదిలేసి తళుకు వెంట పోతుంది.
అందుకే ఇరవై రెండేళ్ళుగా నల్ల చొక్కా, బోడి గోళ్ళు.

ఆదివారం సాయంత్రం వంటింటి బల్ల మీద
పాత పేపరు పరిచాను.
కిటికీ అవతల నది,
పాలెక్కువైన టీ రంగులో, అవతలి ఒడ్డు లేకుండా.
మోంతెవిదేయోలో కొందరు దాన్ని సముద్రమనే అంటారు.

కుడిచేత్తో ఎడమచేతికి వేయడం సులువే.
ఎడమచేత్తో కుడిచేతికి వేస్తుంటే కుంచె తడబడి
ఉంగరపువేలి చర్మం మీదికి జారింది.
ఇంత చెయ్యి తిరిగినదాన్ని,
గోరంత పనికి నాలుక కరుచుకున్నాను.

తడిగా ఉన్నప్పుడు మెరిసింది. మోసపోయాననుకున్నాను.
కాసేపటికి ఒక్కో గోరూ
అంచుల నుంచి లోపలికి
తన మెరుపును తనే తాగేయడం మొదలెట్టింది.

అప్పుడు లైటు రెండుసార్లు ఆరి వెలిగింది.
మా ఇంట్లో కేకేయడమంటే అదే.
గుమ్మంలో అమ్మ నెలిదా, చంకలో థర్మాసు,
ఎడమచేతిలో మాతే బుర్ర,
మాట్లాడటానికి మిగిలిన ఒక్క చేత్తో
"ఏం చేస్తున్నావ్?"

పది వేళ్ళూ చాపి చూపించాను.
పకపకా నవ్వింది.
ఆ నవ్వు ఎంత పెద్దదో ఆమెకు ఎప్పుడూ తెలియదు.
"ఇన్నాళ్ళకు నీ నోరు మూతబడింది!"

థర్మాసు దించింది. బుర్ర దించింది.
ఎదురుగా కూర్చుని, రెండు చేతులతో, నెమ్మదిగా:
"గురువారం డాక్టరు నోరు చాలాసేపు కదిలింది.
నీ చేతులే తొందరగా ఆగిపోయాయి."

సీసా మీద ఎనిమిది నిమిషాలని ఉంది. మూడయ్యాయి.

ఇంకెవరి డాక్టరు మాటైనా నేను మింగి ఉండేదాన్ని కాదు.
హంతకుడి మాటను హంతకుడి మాటలాగే చెప్పాను,
ఎదురుగా చనిపోయినవాడి చెల్లెలు చూస్తుండగా.
అమ్మ దగ్గరకొచ్చేసరికి
"మచ్చ" అన్నాను. ఆయనన్నది ఆ మాట కాదు.
"చూద్దాం" అన్నాను. ఆయన నెలలు లెక్క చెప్పాడు.

"ఆరాకే చెప్పు," అంది అమ్మ,
"నేనెక్కడికీ పోవడం లేదుగా."

ఆ మాట దగ్గర చేతులు ఆగలేదు.
చెప్పాను. ఆయన వాడిన మాటలే, ఆయన మాట్లాడినంత పొడవునా.
కొన్ని మాటలకు వేలు వేలిని తాకక తప్పదు.
రంగు వేలి నుంచి వేలికి పాకింది,
అరచేతికి అంటింది, గడ్డానికి అంటింది.
అమ్మ చూపు చేతుల మీదే ఉంది, ఎప్పటిలాగే.
అయ్యాక నా కుడిచెయ్యి గట్టిగా పట్టుకుంది.
ఇక మాటలొద్దనడానికి మాకున్న పద్ధతి అది.

వదిలాక చూస్తే బొటనగోటి మీద ఆమె వేలిముద్ర,
గీత గీతా లెక్కపెట్టుకోవచ్చు.
"అయ్యో, పాడుచేశాను. దూదేదీ?"
వెతకడానికి లేచి, మళ్ళీ కూర్చుంది.
"రంగు బాగుంది. నాకూ వెయ్యి."

ఆమె గోళ్ళు గట్టివి, నిలువు చారలవి;
చారల మీద శాటిన్ ఇంకా బాగా నిలిచింది.
తర్వాత నావి మళ్ళీ వేసుకున్నాను,
బొటనవేలు వదిలేసి.
రేపు తొమ్మిదిన్నరకు ఆస్తి తగాదా కేసు.
మెరవదు కాబట్టి ఎవరి కంటా పడదు.

బల్ల మీద ఇరవై వేళ్ళు.
బయట నది రంగు ఆగిపోయింది, గది మసకబారింది.
చీకటి పడితే మా ఇంట్లో మాటలుండవు.
లేచి లైటు వేద్దామంటే
ఇద్దరిలో ఒక్కరికీ పొడి చెయ్యి లేదు.