రోగాలు ఈ గట్టున, మందులు ఆ గట్టున

ఐదో క్లాసు తెలుగు నాది, ఆయ్.
దూది ఏకే ఇంటివాణ్ణి, పేరు సిలార్.
పరుపులు కుట్టిన చేత్తోనే
సన్నసూది పట్టి పుస్తకాలు కుడతాను.
మొదటిసారి ఉర్దూ పుస్తకానికి
వెన్ను ఎడంపక్క పెట్టి కుట్టేశాను.
మౌల్వీ బుర్హానుద్దీన్ గారు నవ్వారు.
"తిరగలి కాదురా, ఎటు తిప్పినా ఒకటే అనుకోడానికి."

నరసాపురంలో మసీదు పక్క గది,
రెండు చెక్క బీరువాలు.
ఒకదానికి తాళం ఉంది, తాళంచెవి లేదు.
రేవు దాటితే సఖినేటిపల్లిలో ఒక ట్రంకుపెట్టె.
పాలకొల్లులో కిరసనాయిలు కొట్టు మేడమీద మూడు అరలు.
మూడింటినీ కుతుబ్‌ఖానాలే అంటారు,
ఎవరిది వాళ్ళు అన్నప్పుడు
గొంతు కాస్త పెద్దదవుతుంది.

ఒక యునానీ వైద్యం పుస్తకం ఉండేది.
ఏ కాలంలోనో అన్నదమ్ములు వేరుపడుతూ
కొబ్బరితోట కోసుకున్నట్టు
నడిమికి కోసుకున్నారట.
రోగాలన్నీ నరసాపురంలో,
మందులన్నీ సఖినేటిపల్లిలో,
మధ్యన వశిష్ఠ.
ఇటువాళ్ళకి ఏ నొప్పికి ఏ పేరో తెలుసు.
అటువాళ్ళకి సోపు గింజలు ఎన్ని తులాలో తెలుసు,
దేనికో తెలీదు.

ముర్తుజా వలీ సాహెబు ఇవ్వనంటే ఇవ్వనన్నారు.
"పంటెక్కిన పుస్తకం పులస కాదు,
ఏటికి ఎదురీది తిరిగి రావడానికి."

బుర్హానుద్దీన్ గారు మారు మాట్లాడలేదు.
రోగాల సగాన్ని గళ్ళ లుంగీ ముక్కలో చుట్టి
నాకిచ్చి పంపేశారు,
ఉంచుకోమనండి, తొందర లేదని.
మూడు వారాలు అవతల చప్పుడు లేదు.
నాలుగోవారం ముర్తుజా సాహెబే రేవుకొచ్చారు, విసురుగా.
"అప్పుంచుకునే ఇల్లు కాదు మాది,"
పదకొండు పుస్తకాలు నా ఒళ్ళో పెట్టారు.

అప్పట్నుంచి నేనే.
రొయ్యల బుట్టలకీ సైకిళ్ళకీ మధ్య
ఒళ్ళో మూట.
రూళ్ళ నోటుబుక్కులో మూడు గళ్ళు:
ఎక్కడిది, ఎక్కడుంది, ఎప్పుడొస్తుంది.
పేర్లు చదవలేను గనక
గుర్తులు రాసుకున్నాను:
చెదలు ఏటిపాయలా తిన్నది.
ముర్తుజా సాహెబు అమ్మగారి నూనె చెయ్యి పడింది.
నీలం దారం, నేనే కుట్టింది.
పాలకొల్లు కాలేజీ కుర్రాడొకడు చూసి
ఇవి పుస్తకాలా తాతా, పుట్టుమచ్చలా అన్నాడు.
అప్పటికి నాకు ముప్ఫై నిండలేదు,
తాతేమిటో.

ఎనభై ఆరు, ఆగస్టు.
ఆ వరద చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.
నీళ్ళు తీశాక ట్రంకుపెట్టె మూత ఎత్తితే
పై అంచుదాకా ఒండ్రు.
ముర్తుజా సాహెబు మోచేతిదాకా చెయ్యి పెట్టారు,
మట్టి తీశారు,
మళ్ళీ పెట్టారు.

నేను నోటుబుక్కు తీశాను.
రెండో గడిలో నరసాపురం పదిహేడు, పాలకొల్లు నాలుగు.
ఒక్కొక్కటే గట్టిగా చదివాను.
కథకి ఊకొట్టినట్టు
ప్రతిదానికీ ఊఁ అన్నారు.
నూనె చెయ్యి దగ్గర మాత్రం
ఊఁ రాలేదు.

ఆ ఏడే పాలకొల్లు వాళ్ళు డబ్బులు పోగేసి
వైద్యం పుస్తకం రెండు సగాలూ
ఒకే అట్టలో కుట్టమన్నారు.
సూదికి దారం కూడా ఎక్కించాను.
"ఆగు," అన్నారు ముర్తుజా సాహెబు.
"కుడితే ఏదో ఒక గట్టుదైపోతుంది."
దారం లాగేశాను.

ఆయన మనవరాలు తహూరా
ఇప్పుడు ప్రతి పేజీ ఫోనులో పడుతోంది.
మూడు ఊళ్ళూ ఇందులోనే ఉన్నాయి,
ఇంక మొయ్యక్కర్లేదు తాతా అంటుంది.
ఇప్పుడైతే తాతనే.
మంచిదేనమ్మా అన్నాను.

కానీ పదమూడో పేజీలో ఒక గడి ఖాళీ.
పసుపు అట్ట, మూల ఎలుక కొరికింది.
ఎవరికిచ్చానో రాసుకోలేదు,
ముప్ఫైయేళ్ళు దాటింది.
చదవడం అయిపోయి ఉండాలి ఈపాటికి.
పొద్దున్న మొదటి పంటుకి
అటోసారి వెళ్ళి అడిగొస్తాను.