బానెట్ మీద చెయ్యి

జీడిపిక్క కొనేముందు గుప్పెడు నీళ్ళలో వేస్తాను.
తేలిందంటే లోపల పప్పు లేనట్టే.
జీపుని ఏ నీళ్ళలో వెయ్యను?

కాశీబుగ్గ గేటు అవతల, బెహరా గారి షెడ్డులో
పాత ఆకుపచ్చ మీద కొత్త ఆకుపచ్చ పూసుకుని నిలబడి ఉంది.
పద్దెనిమిదేళ్ళ డీజిలు బండి.
"నాలుగు చక్రాలదమ్మా" అన్నాడాయన గొప్పగా.
ఏ జీపుకి లేవు, అనుకున్నాను పైకి అనకుండా.
కూర్మారావు నా చెవి దగ్గర గొణిగాడు:
"ఉండడం కాదప్పా, నాలుగూ లాగాల."

బానెట్ మీద చెయ్యి వేశాను.
వెచ్చగా ఉంది,
ఇప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెలా.
మేం వస్తున్నామని తెలిసి
ముందే లేపి, దగ్గించి, గొంతు సవరించి పెట్టారన్నమాట.

బెహరా గారు నా చేతులు చూశాడు.
పన్నెండేళ్ళు పిక్క కొట్టిన చేతులు,
జీడి తిని నల్లబడ్డ వేళ్ళు,
గీతలు చెరిగిన అరచేతులు.
"తోలేదెవరమ్మా?"
"నానే" అన్నాను.
ఆయన కూర్మారావు వైపు తిరిగి ధర చెప్పాడు.

మర్నాడు కోడి కూయకముందే వెళ్ళాం.
మాఘమాసం. కాపలా లోకనాథం
తలకి తువ్వాలు చుట్టుకుంటూ తాళం తీశాడు.
బానెట్ మంచుకి తడిసి, చేప వీపులా చల్లగా ఉంది.
"ఇప్పుడు కొట్టు" అన్నాను.
ఒకసారి మూలిగింది.
రెండోసారి ఏమీ లేదు.
మూడోసారి షెడ్డంతా తెల్లపొగ,
లోకనాథం దగ్గు, ఎక్కడో కుక్క,
ఆ పొగలోంచి
టక టక టక టక
వరసగా కూచుని ఆడవాళ్ళు పిక్క కొడుతున్నట్టు.
పప్పుంది, అనుకున్నాను.

ఒక్కటే లోపం. గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు,
అది కదల్లేదు.
ఇన్నేళ్ళూ ఎవరూ ముట్టుకోలేదట.
బైపాసు మీద షికార్లకి వెనక రెండే చాలాయి,
ముందు రెండూ ఊరికే దొర్లుతూ వచ్చాయి,
సంతకి నా వెంట మా ఆయన వచ్చినట్టు.
ఆ రాడ్డు చూపించి ఇరవై రెండు వేలు తగ్గించాను.
మిగతాది సంఘంలో అప్పు.
కూర్మారావు మూడు రోజులు కిరసనాయిలు పోసి,
సుత్తితో తట్టి, తిట్టి, బతిమాలి
దాన్ని కదిపాడు.

వేసంగి తొలివాన పడ్డ మర్నాడు
మందస దాటి కొండెక్కాం.
గెడ్డ తర్వాత ఎర్రమట్టి సబ్బులా ఉంది.
వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి తిరిగి
గొయ్యి తవ్వుకుని అలిగి కూచున్నాయి.
పొట్టి రాడ్డు లాగాను.
అడుగున ఏదో కరుచుకుంది.
ముందు నుంచి ఎవరో చెయ్యందించినట్టు
బండి లేచి ఎక్కింది.
నడుముకి ముందు తెలిసింది, కళ్ళకి తర్వాత.
మా ఆయన తలుపు పట్టుకుని
పైకొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

రట్టిసింగిలో పిల్లలు చక్రాలన్నీ లెక్కపెట్టారు.
స్టెప్నీతో కలిపి ఐదన్నారు.

సవర బుదారమ్మ మాత్రం బండి వైపు చూడలేదు.
ఇన్నేళ్ళూ నెత్తిన బస్తాతో ఆరు మైళ్ళు దిగి
నా గుమ్మం దాకా వచ్చిన మనిషి.
నేను చెప్పిన తూకమే తూకమై
మళ్ళీ అంత దూరం ఎక్కి వెళ్ళిన మనిషి.
"కాటా ఏదీ?" అంది.
బండి వెనక ఇనపకమ్మికి తగిలించాను.
వంగి, పళ్ళెం అడుగున అరచెయ్యి పెట్టింది.
నిదానంగా, అంచు వెంట అంచు తడిమింది.
రెండో పళ్ళెం కూడా.
తర్వాత నిటారుగా నిలబడి
ఖాళీ కాటా ముల్లు వైపు కళ్ళు చికిలించింది.

నేను పక్కనే ఉన్నాను.
ఇంజను ఇంకా ఆపలేదు,
మళ్ళీ లేస్తుందో లేదోనని.

"ఆపియ్యి" అంది,
"ముల్లు ఊగతంది."

ఆపాను.