ముప్పై ఏడో నంబరు

సెంట్రల్ స్టేషన్ వెనక పాత పుస్తకాల కొట్లో
బబుల్‌గమ్ కార్డుల డబ్బా బోర్లించాడు.
పంచదార వాసన ఇంకా పోలేదు.
ముప్పై ఆరున్నాయి నా దగ్గర.
ముప్పై ఏడు కోసం పదకొండేళ్లు.
దొరికింది. మూల నలిగి, వెనక ఎవరో పిల్లాడు
పెన్సిల్‌తో వేసిన కూడిక, అదీ తప్పు.

టి. ఆదిమూలం. రైల్వేస్. ఎడమచేతి స్పిన్నర్.
బొమ్మలో మాత్రం బంతి కుడిచేతిలో.

పెరంబూరులో, లోకో వర్క్స్ దగ్గరి సెలూన్లో
గడ్డానికి నురగతో కూర్చున్నాడు ఆదిమూలం గారు.
కార్డుని ముక్కు దాకా తెచ్చుకున్నాడు.
"నెగిటివ్ తిరగేసి అచ్చేశారయ్యా.
మా ఇంటిది ఏడాదంతా నవ్వింది,
ఇప్పటికైనా కుడిచేయి వాడుతున్నారని."

ఎన్ని వికెట్లని అడగాలనుకున్నా, అడగలేదు.
ఆయనే కార్డుని అద్దానికి చూపించాడు.
బంతి ఎడమచేతికొచ్చింది.
రెండు వేళ్లు కుట్టు మీద, మణికట్టు కాస్త వంగి
ఇరవై నాలుగేళ్ల మనిషి.
కింద పేరు మాత్రం
ఏ భాషో తెలీనట్టు తిరగబడింది.

కత్తి పట్టుకుని కుర్రాడు ఆగే ఉన్నాడు.
"ఊఁ, కానియ్" అన్నాడాయన
కార్డు నాకిచ్చేస్తూ.
మూలన కొంచెం నురగంటింది.
తుడవలేదు నేను.