గోరంత మరక

గురువారం రాత్రయితే
ఫర్వానియా లాండ్రీకి వచ్చేవాడు లస్మయ్య.
ఎవరిదో కోటు అడిగేవాడు. నవ్వొక్కటే సొంతం.
"పొద్దుగాల్నే తెచ్చిస్తనే అన్నా."
ఫోర్‌మన్ భుజం, మేనేజరు భుజం, కఫీల్ బామ్మర్ది భుజం,
చెయ్యేసిన చోటల్లా మెట్టయింది.

ఒక శుక్రవారం గదిలో తొమ్మిదిమందిమి
ఫోన్లో పాత నలుపు తెలుపు సినిమా చూశాం.
అచ్చం ఇట్లాంటోడే. చివర్న పెళ్లి, బ్యాండు.
అందరికన్నా గట్టిగా లస్మయ్య చప్పట్లు కొట్టాడు.
నవల చదివింది నేనొక్కణ్ణే.
అందులో పెళ్లి తర్వాత ఇంకో పేజీ ఉంది.
చెప్పలేదు.

ఆ కోటు తిరిగి రాలేదు.
పదకొండు దినార్లు నా జీతంలో కోశారు.

నిన్న సిగ్నల్ దగ్గర కారద్దం దిగింది.
"లస్మయ్యా!" అన్నాను.
లక్కీ సారు వినలేదు.
కాలరు మీద మాత్రం
నా ఇస్త్రీపెట్టె కాల్చిన గోరంత మరక
నన్ను గుర్తుపట్టింది.