ప్రెస్ కవరు

కల్యాణదుర్గం ఆఖరి బస్సులో
టికెట్ల సంచి అడుగున పెట్టుకునేవాణ్ణి
నబీరసూలు రాసిచ్చిన కవరు.
"అన్నా, తొమ్మిదికల్లా అనంతపురంలో పడాల."

వాడిన చెనిక్కాయ, ఎత్తిపోయిన బోరు,
ఎవడో తాగిన పురుగులమందు,
అన్నీ ఆ కవర్లోనే, నా తొడకు ఆనుకొని.

నెలాఖర్న స్కేలు పెట్టి కొలిచేవాడు
అచ్చయిన వార్తల్ని అంగుళాల్లో.
కరువు బాగా పండిన నెల
ఇద్దరికీ ఉగ్గాని, బజ్జి.

ఇప్పుడాయనకు సొంత చానలు,
క్లాక్ టవర్ దగ్గర నాలుగంతస్తులు.
మొన్న పోతే
లిఫ్టు దాకా వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.
"ఇప్పుడు సెకన్లలో కొలుస్తాండాం అన్నా."

ఇంటికొచ్చి
రిటైరైన నా సంచి దులిపితే
చిరిగిన అస్తరు లోపల ఒక కవరు.
అంటించింది అంటించినట్టే.

ఏ ఊరి చావో,
నేను దింపడం మర్చిపోయింది.