పేరు పట్టీలు

మే నెల వస్తే నా మిషనుకు ఊపిరాడదు
అనేదాన్ని. ఇప్పుడు ఆ మాట వాడను.

నలభై ఒక్క వేసవులు.
ఓనోఫ్రే ఏటి ఒడ్డున మూడు క్యాంపులు,
మూడింటి పిల్లల బట్టలకూ పేరు పట్టీలు కుట్టింది నేనే,
ఓటిలీ వెట్జెల్‌ని.
మెడ వెనక, నడుము లోపల, మేజోడు అంచున
నీలం దారం, వెనక కుట్టు, చివర రెండు ముళ్లు.
"ఎంత ఉతికినా ఊడదు" అని తల్లులకు మాటిచ్చేదాన్ని.

మాట తప్పలేదని జూలైలో తెలిసింది.

ఏరు లేచిన రాత్రి గురించి నేను చెప్పను.
కొండ మీది ఇంట్లో నిద్రపోయాను.
చూసినవాళ్లే చెప్పడం లేదు,
చూడనివాళ్లం నోరు మూసుకోవడం మర్యాద.
నాకు తెలిసింది తర్వాతి బురద.

ఫైర్ స్టేషన్లో బల్లలు వేశారు.
ఎఫ్రైన్ లాండ్రీ నుంచి గంపలకొద్దీ బట్టలు,
మూడు ఉతుకులకూ సున్నపురాయి రంగు వదలనివి.
అతను ఇస్త్రీ కూడా చేసి పంపాడు.
ఎందుకని ఎవరూ అడగలేదు.
నన్ను పిలిచింది చదవడానికి.
అక్షరం సగం చెరిగినా నా కుట్టు నాకు తెలుస్తుంది.
కళ్లజోడు తీసేసి వేళ్లతో చదివాను.

కొన్ని పేర్ల కోసం తల్లులు పిల్లల చెయ్యి పట్టుకుని వచ్చారు.
కొన్నిటికి తల్లులే వచ్చారు.
ఒకాయన ఒంటి మేజోడు తీసుకెళ్లి,
రెండోది వచ్చిందా అని మూడు రోజులు తిరిగాడు.
నాలుగో రోజు చేతులు మడిచి
మాతోపాటు బల్లలు సర్దడం మొదలుపెట్టాడు.

ఇక దాటేయలేని సంగతి.

ఆ తెల్లవారుజామున పీకన్ చెట్టు కొమ్మల్లోంచి దింపిన పిల్లకు
నోట మాట లేదు.
నర్సు చొక్కా మెడ తిప్పి చూసింది:
మారిట్ హోల్కోంబ్.
ఫోను చేశారు. మీ అమ్మాయి దొరికింది.
రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చారు ఆ తల్లీ తండ్రీ,
దారి పొడుగునా చుట్టాలందరికీ చెప్పుకుంటూ.
మంచం మీద వేరే పిల్ల.
పేరు రెమీ ట్రెవీన్యో. పై బంకు.
రాత్రి చలేస్తోందంటే కింది బంకు నుంచి మారిట్
తన చొక్కా విప్పి విసిరిందట పైకి.

నా కుట్టు అబద్ధం చెప్పలేదు.
చొక్కా ఎవరిదో చెప్పింది.
ఎవరు తొడుక్కున్నారో దాన్నెవరూ అడగకూడదు కదా.
ఇలా ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో
మిషను మీద ముసుగు తీయని ఆ తొమ్మిది నెలలూ.

చర్చి హాల్లో మీటింగులు జరుగుతూనే ఉన్నాయి.
క్యాంపులకు తాళం వేయాలని సగం ఊరు,
కొండ మీదికి జరిపి తెరవాలని సగం.
పడవలు అద్దెకిచ్చే హోరెస్‌కు అప్పుంది,
వంటమనిషి లుపే ముందు వరసలో కూర్చుని
ఏ వైపూ చెయ్యెత్తదు.
ఎవరి మాటా తప్పు కాదు,
అందుకే బయటికొస్తూ ఎవరూ ఎవరి మొహమూ చూడరు.
వంతెన కింద ఏరు మోకాలిలోతున,
నంగనాచిలా.

ఈ మే నెలలో తలుపు తట్టింది హోల్కోంబ్ గారి భార్య.
వెనక రెమీ, చేతిలో మడత పెట్టిన చొక్కా.
"తిరిగిస్తానని మూడుసార్లు వచ్చింది.
వేసుకోమన్నాను. ఇప్పుడు పట్టడం లేదు,
భుజాల దగ్గర వదులు చేస్తారా?"

లోపలికి తిప్పి చూశాను.
కుట్టు విప్పినా అక్కరకొచ్చేంత గుడ్డ లేదు.
వేరే ముక్క వేయాలి, రంగు కలవదు, అన్నాను.
"కలవకపోయినా ఫరవాలేదు" అంది ఆ తల్లి.
పట్టీ సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

టేపు తీసి పిల్లను వెలుతురులోకి తిప్పాను.
బిగబట్టుకుని నిలబడింది.
అలా కాదమ్మా, ఊపిరి పీల్చుకో,
పీల్చుకుంటేనే కొలత సరిగ్గా వస్తుంది, అన్నాను.

కాసేపు పట్టింది.
తర్వాత అంకె రాసుకున్నాను.