సులువు దారి

బోర్డు మీద గంటా పావు అని రాసి ఉంది.
దాని కింద తెల్ల రంగుతో మూడు బొమ్మలు:
ఒక తల్లి, ఒక తండ్రి, మధ్యలో ఇద్దరి చేతులూ పట్టుకున్న పిల్ల.
అంటే ఎవరైనా నడవగలిగే దారే.
మేమూ ముగ్గురమే.
చేతుల సంగతే ఇంకా తేలలేదు.

ముందు యెర్నేయ, ఆమె కోటు పట్టుకుని లూచ్కా,
వాళ్ళకి ఆరడుగులు వెనక నేను,
నీళ్ళ సీసాలూ, అక్రోటు రొట్టే, వాన కోట్లూ మోస్తూ.
నాలుగు నెలలుగా వాళ్ళింటికి వెళ్తున్నాను.
ఆరేళ్ళ పిల్ల ఇంతవరకూ నన్ను పేరు పెట్టి పిలవలేదు.
"ఆయన" అంటుంది.
ఉప్పు కావాలంటే ఉప్పు వైపు వేలు చూపిస్తుంది.

కార్లు ఆపేచోటే దారి రెండుగా చీలింది.
రెండు కర్రలు పట్టుకున్న ఒక ముసలావిడ
ఎడమకి తిరుగుతూ, "ఎటు పోయినా ఒకటే,
పైన గుడిసె దగ్గర కలుస్తాం" అంది.
మేం కుడికి. వాగు వెంట.

రాత్రి కురిసిన వాన ఇంకా కొండ దిగుతూనే ఉంది.
ఆల్ప్స్ నీళ్ళు, జూలైలోనూ పళ్ళు జివ్వుమంటాయి.
లేత సీసా పచ్చ రంగు,
అడుగున రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు.
లూచ్కా లెక్కపెట్టింది. పదిహేడు దగ్గర ఆగింది.
ఉండబట్టలేక "పద్దెనిమిది" అన్నాను.
బుంగమూతి.
మళ్ళీ ఒకటి నుంచి.

బీచ్ చెట్టు బెరడు మీద ఎర్రటి వలయం, లోపల తెల్లటి చుక్క.
మా స్లొవేనియా కొండల్లో ఎక్కడైనా అదే దారి గుర్తు.
"కొండ కన్ను" అంది, వాళ్ళమ్మతో.
కనిపించిన ప్రతి కంటికీ ఆగి కన్ను గీటాలట.
ఒక్క కన్ను మూయడం ఇంకా రాదు, రెండూ మూసేస్తుంది.
గంటా పావు దారి
రెండు గంటలైనా సగం కాలేదు.

మూడో వంతెనకి ఒక చెక్క లేదు.
ఆ సందులోంచి నీళ్ళు తెల్లగా అరుస్తున్నాయి.
యెర్నేయ అప్పటికే అవతల ఉంది.
నేను చెయ్యి చాచాను.
నా చేతిని చూసింది, సందుని చూసింది,
పక్కనుంచి దిగి రాళ్ళ మీదుగా బయల్దేరింది.
నాలుగో రాయి మోసం చేసింది.
మోకాలిదాకా ఒక కాలు, ఒక బూటు, వాగు పాలు.

ఏడవలేదు. బండ మీద కూర్చుంది.
బూటు బోర్లించింది. సాక్సు పిండింది.
చుట్టూ చూసింది. అమ్మ అవతల. కొమ్మ అందదు.
అప్పుడు నాకిచ్చింది.
నక్కల బొమ్మలున్న సాక్సు, పిడికెడు చలి.
ఇరవై రెండేళ్ళుగా పోస్టాఫీసు కౌంటర్లో
ఎవరెవరి పార్సిళ్ళో తీసుకుంటున్నాను.
ఇంత జాగ్రత్తగా ఏదీ తీసుకున్నట్టు గుర్తు లేదు.

గుడిసె గోడకి ఇనప పెట్టె, అందులో
కొండ ఎక్కినవాళ్ళు పుస్తకంలో వేసుకునే స్టాంపు.
సిరా ఎండిపోయింది. యెర్నేయ నొక్కింది, పడలేదు.
నేను రబ్బరు మీద నోటి ఆవిరి రెండుసార్లు ఊది
మెల్లగా అదిమాను.
సగం మేక పడింది. కొమ్ములు, ఒక చెవి.
"ఇంకోసారి" అంది లూచ్కా.
అది నాతోనే అన్నది.

అంతలో ముసలావిడ అటునుంచి వచ్చింది,
ఆయాసపడుతూ, చెప్పిన మాట నిలబెట్టుకుంటూ.
"మీ నాన్న గట్టివాడే" అంది.
"మా నాన్న కాదు" అంది పిల్ల.
కాసేపు రొట్టె నమిలింది.
"నా సాక్సు ఈయన దగ్గరుంది."

దిగేటప్పుడు ఏమీ జరగలేదు.
ఆవుల గంటలు వినిపించాయి, ఆవులు కనపడలేదు.
చివరికి మళ్ళీ అదే బోర్డు, అదే గంటా పావు.
"ఇంత నడిచి ఇక్కడికేనా!" అని
లూచ్కా బోర్డుని ఒక తన్ను తన్ని కారెక్కింది.

సోమవారం కౌంటర్ దగ్గర తాళాల కోసం
జేబులో చెయ్యి పెట్టాను.
నక్క, ఇంకా కొంచెం తడి.
లైన్లో ఉన్నాయన రసీదు అడిగాడు.
రెండుసార్లు అడిగాడట.